లారీ బేకర్
లారీ బేకర్ (మార్చి 2, 1917 - ఏప్రిల్ 1, 2007) భారతదేశంలో తక్కువ ఖర్చు ఇళ్ళ నిర్మాణానికి పేరొందిన వాస్తుశిల్పి. ఇతడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో వైద్యసేవ చేసి తిరిగి వెళ్తూ బొంబాయిలో గాంధీజీని కలిశాడు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల నిర్మాణానికై మళ్ళీ భారతదేశం వచ్చాడు. 1948లో డాక్టర్ ఎలిజబెత్‌ను వివాహమాడి పిథోరాగఢ్ కొండలలో స్థిరపడ్డాడు. తాను చదివిన ఆధునిక వాస్తువిద్య అక్కడ అక్కరకు రాలేదు. ఊరివారి రాతి, మట్టి ఇళ్ళే ఆ వాతావరణానికి తగినవని గ్రహించాడు. చండీగఢ్‌లో కాంక్రీటు భవనాలు వెలసిన 1950వ దశకంలో ఇతడు గ్రామీణ మేస్త్రీల వద్ద పని నేర్చుకున్నాడు. తరువాత కేరళలో, పేదవాని ఇల్లు కూడా వాని అలవాట్లకు, అభిరుచికి తగినట్లుండాలని భావించి, మధ్యలో ఖాళీ వదిలిన ఇటుక గోడలు, పెంకులు పొదిగిన కప్పులతో సిమెంటు, ఉక్కు వాడకాన్ని తగ్గించాడు. తిరువనంతపురంలోని ఇండియన్ కాఫీ హౌస్ ఇతని ప్రసిద్ధ నిర్మాణం. 1990లో పద్మశ్రీ పురస్కారం పొందాడు.