మడత పడవలో ఏడేళ్లు

ఆస్కార్ స్పెక్ పేరు మన బ్యాచ్‌లో ఎంతమంది విన్నారో గానీ, మద్రాసు నుంచి కలకత్తా వైపు వెళ్తూ ఆయన మన తీరం పక్క నుంచే సాగిపోయాడు. 1907లో పుట్టిన జర్మన్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. ఆర్థిక మాంద్యంలో వ్యాపారం పోయింది. సైప్రస్ గనుల్లో పని వెతుక్కుందామని 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దింపాడు. తర్వాత ఆగాలనిపించలేదు.

ఆ పడవంటే చెక్క ఫ్రేమ్, దానిమీద రబ్బరు పూసిన గుడ్డ. రోజూ ఉప్పునీళ్లు, ఎండ, ఒడ్డుకి లాగినప్పుడల్లా ఇసుక రాపిడి. ఏడేళ్లు ఎలా ఆగింది? ఒక్కటే ఆగలేదు. అరిగిపోతే జర్మనీ కంపెనీ కొత్తది పంపేది. మా నూజివీడు తోటల్లో మామిడికాయలు కోసే గెడ కూడా అంతే. చిక్కం చిరిగితే మారుస్తారు, గెడ మాత్రం పాతదే. ఇక్కడ ఆ గెడ స్పెక్కే.

దాదాపు 50,000 కిలోమీటర్లు తెడ్డేసుకుంటూ 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియా కొసన సైబాయ్ దీవి చేరాడు. అప్పటికే యుద్ధం మొదలైంది. జర్మన్ కాబట్టి అరెస్టు చేసి నిర్బంధ శిబిరంలో పెట్టారు. యుద్ధం అయ్యాక బయటికొచ్చి, అక్కడే ఓపల్ రాళ్ల పనిలో స్థిరపడ్డాడు.

ఇంతా చేసి ఆయనకి ఈత రాదట. అది చదివాక నాకు నోట మాట రాలేదు.