మృతుడని లోకము నమ్మిన పరిశోధకుడు: విల్ ఐస్నర్ జీవితము

సూరతు నగరమున లింబాయత్ ప్రాంతమందు నడచునపుడు మరమగ్గముల చప్పుడుతోబాటు తెలుగు మాటయు చెవిని బడును. తెలంగాణమునుండి జీవనోపాధికై వలసవచ్చిన పద్మశాలీలు ఇచ్చట స్థిరపడియున్నారు. వారి కులపురాణమైన మార్కండేయ పురాణమును కూనపులివారు, చేర్యాల నకాషీలు చిత్రించిన పటమును విప్పి, బొమ్మవెంట బొమ్మను చూపుచు గానము చేయుట తెలంగాణమున వచ్చిన సంప్రదాయము. యముని గెలిచిన బాలుని కథను అచ్చట పెద్దలు కూర్చుండి విందురు. బొమ్మల కథ పిల్లల కాలక్షేపమన్న తలంపు ఆ సభలో నెవ్వరికిని కలుగదు. పాశ్చాత్య దేశమున ఈ తలంపుతో జీవితాంతము పోరాడిన చిత్రకారుడొకడు కలడు. ఆతడు విల్ ఐస్నర్. ఆతని చరిత్రము మన కథాసాహిత్య విద్యార్థులకును తెలియదగినది.

ఐస్నర్ 1917 మార్చి 6వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌నందు, వలసవచ్చిన యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి నాటకశాలలకు తెరలు చిత్రించినవాడు. ఆ విద్య కూడుపెట్టక, పలు వ్యాపారములకు దిగి నష్టపడెను. కావున కుమారుడు చిత్రకారుడగుట తల్లికి సమ్మతము కాలేదు. తండ్రి మాత్రము ప్రోత్సహించెను. ఇంటి ఇబ్బందులచే బాలుడు వీధులలో వార్తాపత్రికలమ్మి కొంత సంపాదించెను. ఆ పత్రికలలోని బొమ్మల కథలే ఆతని తొలి పాఠ్యగ్రంథములు. 1936లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, జెర్రీ ఐగర్ అనువానితో గలసి చిత్రశాలను స్థాపించెను. పలువురు చిత్రకారులచే కథలు గీయించి ప్రచురణకర్తల కమ్ముట దాని పని. వ్యాపారము లాభించెను.

1939లో ప్రచురణకర్త ఆర్నాల్డు, ఆదివారపు వార్తాపత్రికలతో పంచుటకు పదునారు పుటల చిత్రకథానుబంధమును కోరెను. నాడు చిత్రకథల హక్కులు ప్రచురణకర్తలకే చెందుట వాడుక. సృష్టించినవానికి కూలి దక్కెడిదిగాని స్వామ్యము దక్కెడిది కాదు. ఐస్నర్ దీని కంగీకరింపలేదు. హక్కు ఆర్నాల్డు పేర నమోదైనను, ఆ సృష్టి తనదేయని ఒడంబడికలో వ్రాయించుకొనెను. ఐగర్‌తోడి సంస్థలోని తన భాగమును విక్రయించి, ఈ కొత్త పనికే పూనుకొనెను. లాభములో నున్న వ్యాపారమును వదలి, ఫలితము తెలియని దానిని చేపట్టుట ఇరువది రెండేండ్ల యువకునకు చిన్న సాహసము కాదు.

1940 జూన్ 2వ తేదీన ‘ది స్పిరిట్’ వెలువడెను. కథానాయకుడు డెన్నీ కోల్ట్ అను అపరాధ పరిశోధకుడు. డాక్టరు కోబ్రా అను దుష్టుని రసాయనము వానిపై బడి, మరణమును బోలిన నిద్రలో మునుగును. లోకము వానిని మృతుడని పాతిపెట్టును. మేల్కొన్న పిదప వాడు ఆ భ్రాంతిని చెదరగొట్టక, వైల్డ్‌వుడ్ శ్మశానమునే నివాసము చేసికొని, కన్నులకు ముసుగు ధరించి నేరములను శోధించును. దొంగలకు వాడు ప్రేతము. వాని రహస్యము పోలీసు కమీషనరు డోలన్ మొదలగు కొందరికే యెరుక. మన విక్రమార్కుడును శ్మశానమందే, శవమును భుజమున మోసికొని, చిక్కుప్రశ్నలను విప్పెను. భయానకమును తర్కముతో జోడించుట మనకు కొత్త కాదు. ఐస్నర్ దానిని ఆధునిక నగరపు వీధులలోనికి దెచ్చెను.

వార్తాపత్రిక చదువువారు పెద్దలు. ఆతడు వారికొరకే వ్రాసెను. 1948లోని యొక కథలో గెర్హార్డ్ ష్నాబుల్ అను సామాన్యుడు గాలిలో నెగురగలడు. ఆ శక్తిని లోకమునకు జూపదలచిన దినముననే, వేరొకరి పోరాటములోని గుండు తగిలి నేలకూలును. వాడు ఎగిరెనని యెవ్వరును గుర్తింపరు. ఇందు పరిశోధకుడు నిమిత్తమాత్రుడు. కథ కేంద్రము మానవుని దైన్యము.

గుణములతో దోషమును చెప్పుట చరిత్రకారుని ధర్మము. నాయకుని సహాయకుడగు ఎబొనీ అను నల్లజాతి బాలుని ఐస్నర్ అపహాస్యపు రూపున చిత్రించెను. ఆ కాలపు అలవాటన్నంతమాత్రమున అది దోషము గాకపోదు. 2003లో ఆతడు డికెన్సు నవలలోని యూదు పాత్రను గూర్చి ‘ఫాగిన్ ది జ్యూ’ రచించుచు, పీఠికలో ఎబొనీ ప్రసక్తిని తానే తెచ్చెను. తన జాతికి జరిగిన అన్యాయమును ప్రశ్నించువాడు తాను గీసిన బొమ్మను దాచిపెట్టలేదు.

యుద్ధకాలమున సైన్యమునకు బిలువబడి, యంత్రముల సంరక్షణను సైనికులకు బొమ్మలతో బోధించెను. 1952 అక్టోబరు 5వ తేదీన ‘ది స్పిరిట్’ నిలిచిపోయెను. 1954లో అమెరికా ప్రచురణకర్తలు కల్పించుకొన్న నియమావళి చిత్రకథలను పిల్లలకు తగినంతకు గుదించెను. ఐస్నర్ అప్పటికే సైనిక పత్రికా వ్యాపకములో నుండి, సుమారు ఇరువదేండ్లు కథారచనకు దూరమయ్యెను.

1970లో ఆతని కుమార్తె ఆలిస్ పదునారేండ్లకే రక్తపు క్యాన్సరుతో మరణించెను. ఆ దుఃఖమును ఆతడు చాలకాలము లోకమునకు వెల్లడింపలేదు. 1978లో ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ వెలువడెను. అందు ఫ్రిమ్మె హెర్ష్ అను భక్తుడు, పెంపుడు కూతురు మరణింపగా, దేవుడు తనతో చేసికొన్న ఒప్పందమును భంగపరచెనని నిలదీయును. అరువదియొకటవ యేట, అరువు తెచ్చుకొన్న ప్రేతవేషము అక్కరలేక, తన శోకమునే బొమ్మలలో నిలిపెను. చిత్రకథను నవలతో సమానముగా నెంచుటకు ఈ గ్రంథము బాటవేసెను. ‘ది స్పిరిట్’ హక్కు తన చేతనుండుటవలన, 1970 దశకమున చిన్న స్వతంత్ర ప్రచురణకర్తలు దానిని పునర్ముద్రింప గలిగిరి. యౌవనమున బెట్టిన పట్టుదల వార్ధక్యమున ఫలించెను.

2005 జనవరి 3వ తేదీన, హృదయ శస్త్రచికిత్స పిమ్మట, ఐస్నర్ కన్నుమూసెను. 1988నుండి ఆతని పేర చిత్రకథలకు పురస్కారము లీయబడుచున్నవి. క్రమమున నమర్చిన బొమ్మలచే కథ చెప్పు విద్యకు శాస్త్రము గలదని ఆతడు 1985లో గ్రంథముగా నిరూపించెను. మన కూనపులివారి పటములందును అట్టి శాస్త్రమున్నది. దానిని వ్రాసినవారు అరుదు. చేర్యాలలో పటము గీయు కుటుంబములు కొద్దిగనే మిగిలినవి. పటమును విప్పి పాడువారుండగనే, వారిని వినుచు ఆ శాస్త్రమును వ్రాసికొనుట తెలుగు శాఖలకు తగిన కార్యము.