ఇసుకలో పునాది వేయ నేర్చిన యౌవనస్థుడు
సర్ ఆర్థర్ కాటన్ (1803–1899)

చదువవలసిన భాగములు: మత్తయి 7:24–27, లూకా 16:10

ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని మొదటిసారి కట్టడపు పనిలోనికి వెళ్లు యౌవనస్థులు మన సంఘములలో ఏటేట కొందరుందురు. చేతిలో ప్లాను ఉండును గాని మేస్త్రీ అడుగు ప్రశ్నకు జవాబు తోచదు. అట్టివారు గోదావరి ఆనకట్టను కట్టించిన కాటన్ దొరగారి తొలి దినములను తెలిసికొనుట మేలు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కంబ్ సైనిక విద్యాలయములో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు నియమింపబడెను. వేల్సులో కొంతకాలము సర్వే పని నేర్చుకొని, 1821లో మద్రాసు చేరెను. అప్పటి కాయనకు పదునెనిమిదేండ్లు.

వచ్చినవెంటనే గొప్ప కట్టడమేదియు ఆయన చేతికి రాలేదు. 1822లో దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో సహాయకుడుగా పని దొరకెను. కోయంబత్తూరు, మధుర, తిరుచినాపల్లి, తిరునెల్వేలి ప్రాంతములలోని చెరువు గట్లు, తూములు, అలుగులు ఆయనకు రెండవ పాఠశాల ఆయెను. పాంబన్ జలమార్గమును కూడ సర్వే చేసెను. తరువాత బర్మా యుద్ధమునకు వెళ్లి, తిరిగివచ్చి, కావేరి నీటి పనులు చూడసాగెను.

అక్కడ పెద్ద చిక్కు ఎదురాయెను. శ్రీరంగమునకు పైన కావేరి రెండు పాయలగును. వాటిలో కొల్లిడము అడుగు ఏటేట లోతై నీటిని లాగుకొనుచుండెను. కావేరి పాయ ఇసుకతో మేటవేయుచుండెను. తంజావూరు పొలములకు నీరు తగ్గిపోవుచుండెను. కొల్లిడమునకు అడ్డుకట్ట వేయవలెను. అయితే ఎంత త్రవ్వినను ఇసుకయే! రాతి నేల తగలదు. పునాది ఎక్కడ వేయుట?

జవాబు ఆ నదిలోనే ఉండెను. కరికాల చోళుడు కట్టించెనని చెప్పబడు కల్లణై ఆ ఇసుకమీదనే అనేక శతాబ్దములు నిలిచియుండెను. పూర్వులు పెద్ద బండలను ఇసుకలో దింపిరి. అవి తమ బరువుచేత క్రుంగి క్రుంగి కుదురుకొనగా, వాటిమీద కట్టిరి. పాలించు జాతికి చెందిన యౌవన అధికారి ఆ ప్రాచీన కట్టడము నెదుట శిష్యుడాయెను. ఈ విద్యను ఈ దేశపు పూర్వులయొద్దనే నేర్చుకొంటిమని తరువాత బహిరంగముగా ఒప్పుకొనెను. చెరువుల శాఖలో చేరిన పదునాల్గు సంవత్సరములకు, 1836లో, కొల్లిడముపై ఆనకట్టలు లేచెను.

ఆ విద్యయే మన సీమకు జీవాధారమాయెను. 1833 నాటి కరవు గుంటూరు, గోదావరి ప్రాంతములను పాడుచేసియుండెను. ప్రక్కనే మహానది పారుచుండగా ప్రజలు ఆకలితో చచ్చిరి. 1844లో కాటన్ ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట అవసరమని నివేదించెను. 1847లో పని మొదలాయెను. ఇసుకలో నూతులు దింపి, వాటిమీద గోడ కట్టి, వెనుక బండరాళ్లు పరపించిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా 1852లో అది పూర్తియాయెను. ఎండకు కాటన్ ఆరోగ్యము చెడి నడుమ సెలవుపై వెళ్లవలసివచ్చినను, పని ఆగలేదు. వీణెం వీరన్నగారివంటి తెలుగువారు ఆయనకు కుడిభుజముగా నిలిచిరి. నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడు, తన క్రింది వారి విలువ నెరిగెను.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను. 1899 జూలైలో ప్రభువునందు నిద్రించెను. పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బ్యారేజి ఆయన పేరు వహించియున్నది.

ప్రియ చదువరులారా, ప్రభువు చెప్పిన ఉపమానములో ఇద్దరును మాటలు విన్నవారే. విన్నదాని చొప్పున చేయుటలోనే భేదమున్నది. ఇసుకమీద కట్టినవాడు తొందరపడెను. కాటన్ అయితే ఇసుక స్వభావమును ఏండ్లతరబడి నేర్చుకొని, దానికి తగిన పునాది వేసెను. కళాశాలలో మనము వినుట ముగించితిమి. పనిస్థలములో చేయుట మొదలగును. మొదటి ఉద్యోగము చిన్నదని నొచ్చుకొనువాడా, కొంచెములో నమ్మకముగా ఉండుము. వరదకాలువ కొలతను సరిగా వ్రాయుము. సిమెంటు తగ్గించి సంతకము చేయుమన్నచో చేయకుము. ఆ కప్పు క్రింద పిల్లలు నిద్రింతురు. ముప్పది యేండ్లు తాపీ పట్టిన మేస్త్రీని గౌరవముతో అడిగి తెలిసికొనుము. ఇసుకలో గోడను నిలుపు ఉపాయములు మనుష్యులు నేర్పగలరు. మన జీవితమునకు మాత్రము క్రీస్తను బండ తప్ప వేరొక పునాది లేదు.

ప్రార్థన: ప్రభువా, ఈ సంవత్సరము పనిలో ప్రవేశించు మా బిడ్డలకు నేర్చుకొను మనస్సును, నమ్మకమైన చేతులను దయచేయుము. ఆమేన్.