ఉక్కు నగరమును తలపోసిన జంషెడ్జీ టాటా

ఝార్ఖండ్ రాష్ట్రమున సువర్ణరేఖ, ఖర్కాయి అను రెండు నదులు కలియు చోట జంషెడ్‌పూర్ నగరము వెలసియున్నది. అచ్చటి రైలు స్టేషనునకు టాటానగర్ అని పేరు. నగరమునకును స్టేషనునకును ఆ పేర్లు ఒకే మహనీయుని వలన వచ్చినవి. కాని ఆయన ఆ నగరమును కన్నులార చూడలేదు. అచట తొలి పునాదిరాయి పడుటకు ముందే ఆయన కన్ను మూసెను. తాను చూడని ఊరు ఎట్లుండవలెనో ముందుగా తలపోసిన ఆ దూరదర్శియే జంషెడ్జీ నసర్వాన్‌జీ టాటా.

జంషెడ్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాత్ ప్రాంతమునందలి నవసారి పట్టణమున జన్మించెను. ఆయనది పార్సీ అర్చకుల కుటుంబము. తండ్రి నసర్వాన్‌జీ కులవృత్తిని విడిచి బొంబాయి చేరి వర్తకము ప్రారంభించెను. బాలుడైన జంషెడ్జీ తండ్రి వద్దకు వెళ్లి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో విద్య నభ్యసించి, 1858లో చదువు ముగించెను. పిమ్మట తండ్రి వ్యాపారమున మెళకువలు నేర్చుకొని, 1868లో 21,000 రూపాయల మూలధనముతో సొంతముగా వర్తకము నెలకొల్పెను.

ఆ రోజులలో నూలు మిల్లు పెట్టదలచినవారు బొంబాయినే కోరుకొనెడివారు. జంషెడ్జీ నాగపూరును ఎన్నుకొనెను. ప్రత్తి పండు పొలములును, రైలుమార్గమును దానికి చేరువనే ఉండుట ఆయన గమనించెను. 1877 జనవరి 1వ తేదీన అచట ఎంప్రెస్ మిల్లు ప్రారంభమయ్యెను.

నాటి మిల్లులలో గాలి ఆడెడిది కాదు. ప్రత్తి ధూళి పీల్చుచు కార్మికులు తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకు వరకు పని చేయవలసి వచ్చెడిది. జంషెడ్జీ తన మిల్లులో గాలి ప్రసరించుటకును, వేడి తగ్గుటకును ఏర్పాట్లు చేసెను. 1886లో కార్మికులకు పింఛను నిధిని, 1895లో పనిలో గాయపడినవారికి పరిహారమును ఏర్పరచెను. గాయపడిన కార్మికునకు పరిహార మీయవలెనని మన దేశమున చట్టము వచ్చినది 1923లో గదా! ఏ చట్టమును నిర్బంధింపకయే ఆయన ఈ పని చేసెను. కార్మికుడు సుఖముగా ఉన్ననే పరిశ్రమ నిలుచునని ఆయన నాగపూరులో అనుభవపూర్వకముగా గ్రహించెను.

1882లో ఒక జర్మను నిపుణుడు చాందా జిల్లా ఇనుప ఖనిజమును గూర్చి వ్రాసిన నివేదిక జంషెడ్జీ కంటబడెను. మన దేశమున ఉక్కు తయారు కావలెనను కోరిక ఆనాడే ఆయన మనస్సున నాటుకొనెను. కాని అప్పటి గనుల నిబంధనలు అనుకూలముగా లేవు. ఆయన పదునేడేండ్లు ఓపికతో వేచియుండెను. 1899లో ఆ నిబంధనలు సడలింపబడగానే మరల పూనుకొనెను. 1902లో, 63 ఏండ్ల వయస్సున, ఆయన అమెరికాకు పోయి అచటి ఉక్కు కర్మాగారములను పరిశీలించి, నిపుణులను సంప్రదించెను.

ఆ సంవత్సరముననే ఆయన తన పెద్ద కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ వ్రాసెను. అప్పటికి కర్మాగారము ఎచట వెలయునో ఎవరికిని తెలియదు. అయినను అచట ఉండబోవు ఊరు ఎట్లుండవలెనో ఆయన అందు వివరించెను. వీధులు విశాలముగా ఉండవలెను. త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు నాటవలెను. తోటలకును పచ్చిక బయళ్లకును చోటు విడువవలెను. ఫుట్‌బాల్, హాకీ ఆటలకు మైదానము లుండవలెను. హిందువుల దేవాలయములకు, ముస్లిముల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు స్థలములు కేటాయింపవలెను. కొలిమి రాజుకొనుటకు ముందే కార్మికుని బిడ్డ ఆడుకొను స్థలమును గూర్చి ఆయన ఆలోచించెను.

1904 మే 19వ తేదీన జంషెడ్జీ జర్మనీలో పరమపదించెను. ఇంగ్లండులో ఆయనను సమాధి చేసిరి. అప్పటికి ఉక్కు కర్మాగారము లేదు. ఆయన తన ఆస్తిలో గొప్ప భాగమును ఇచ్చుటకు సంకల్పించిన విజ్ఞానశాస్త్ర సంస్థయు లేదు. బెంగుళూరులో ఆ సంస్థ 1909లో నెలకొనెను.

తండ్రి సంకల్పమును దొరాబ్జీ విడువలేదు. ప్రమథనాథ బోస్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు మయూర్‌భంజ్ సంస్థానమున మేలైన ఇనుప ఖనిజము కలదని తెలుపుచు 1904లోనే లేఖ వ్రాసియుండెను. ఆ ఖనిజమునకు సమీపమున, నదీజలమును రైలుమార్గమును గల సాక్చి అను పల్లెను నిపుణులు ఎన్నిక చేసిరి. లండనులో మూలధనము దొరకలేదు. అది స్వదేశీ ఉద్యమకాలము. 1907లో భారతీయులనే కోరగా, సుమారు 8,000 మంది ముందుకు వచ్చి మూడు వారములలో కావలసిన ధనమును సమకూర్చిరి. 1912 ఫిబ్రవరిలో సాక్చిలో తొలి ఉక్కు తయారయ్యెను. ఆ సంవత్సరముననే కార్మికులకు ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఈ కర్మాగారపు పట్టాలు మెసపొటేమియా వరకు పోయెను. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ అచటికి వచ్చి, సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టెను. కాలిమాటి స్టేషను టాటానగర్ అయ్యెను.

ఈ చరిత్ర చదువువారు మరియొక విషయమును మరువరాదు. ఆ నేల నిర్జనమైనది కాదు. సంతాలులు, హో జనులు మొదలగు ఆదివాసులు అచట సేద్యము చేసికొని బ్రతుకుచుండిరి. నగరము పెరిగిన కొలది వారి పల్లెలును పొలములును తగ్గిపోయెను. పనికై వచ్చినవారందరికిని మంచి యిండ్లు దొరకలేదు. నగరపు అంచులలో ఇరుకు బస్తీలు పుట్టెను. 1920లో కార్మికులు సమ్మె చేసిరి. జంషెడ్జీ తలపోసినదంతయు నెరవేరలేదనుటకు ఇవి సాక్ష్యములు.

అయినను ఆ తలపు వ్యర్థము కాలేదు. సాక్చి, బిష్టుపూర్, కద్మా మొదలగు పేటలలో బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు, బీహారీలు కలసి నివసించుచున్నారు. శ్రీకాకుళము మొదలగు కోస్తా జిల్లాల నుండి పనికై వెళ్లిన తెలుగువారును అచట స్థిరపడిరి. బిష్టుపూర్‌లో తెలుగువారి రామమందిరము కలదు. 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కు నగర నడుమ పచ్చగా నిలిచియున్నది. ఏటేట మార్చి 3వ తేదీన నగరమును దీపములతో అలంకరించి జంషెడ్జీని స్మరింతురు.

ఇనుమును కరిగించి ఉక్కు చేయుట కొలిమి పని. పని చేయువానికి నీడను, విశ్రాంతిని, ఆటను, ప్రార్థనా స్థలమును సమకూర్చుట మనుజుని పని. రెండవది లేనిచో మొదటిది సంపద కాజాలదని జంషెడ్జీ జీవితము మనకు బోధించుచున్నది. తాను అనుభవింపని నీడకై చెట్టు నాటువాడే నిజమైన నిర్మాత.