హిమశిఖరాల ఛాయాగ్రాహకుడు

గగనయానం శైశవదశలో ఉన్న రోజులలోనే మంచుకొండలను ఆకాశం నుండి చిత్రించిన సాహసి వాల్టర్ మిట్టెల్‌హోల్జర్. ఇతడు 1894వ సంవత్సరం ఏప్రిల్ 2వ తేదీన స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ నగరంలో జన్మించాడు. ఛాయాచిత్రణం ఇతని వృత్తి, పర్వతారోహణం ఇతని వ్యసనం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక విమానదళంలో ఫొటోగ్రాఫరుగా చేరి, విమానం నడపడం కూడా నేర్చుకొన్నాడు.

1919లో ఆల్ఫ్రెడ్ కోంట్‌తో కలిసి విమానసంస్థను స్థాపించాడు. ఆ ఏడాదే జంట రెక్కల విమానం నుండి ఆల్ప్స్ పర్వతాలలోని మాంట్ బ్లాంక్ శిఖర ప్రాంతాన్ని చిత్రించాడు. అక్కడి లోయలలోకి జారే ఆర్జాంటియేర్, మేర్ ద గ్లాస్, బోసోన్ హిమానీనదాలు ఆ చిత్రాలలో నిండుగా దర్శనమిస్తాయి. నేలమీద నిలిచి చూసేవానికి హిమానీనదంలో ఒక పార్శ్వమే గోచరిస్తుంది. దాని సమగ్రస్వరూపం తెలియాలంటే ఆకాశమెక్కవలసిందే.

అయితే మిట్టెల్‌హోల్జర్ మంచును కొలవాలని ఎగరలేదు. చిత్రాలను, యాత్రాగ్రంథాలను ప్రచురించి, విమానయానంపై ప్రజలకు మక్కువ కలిగించడమే అతని ఆశయం. 1923లో ఉత్తరధ్రువ సమీపంలోని స్పిట్స్‌బెర్గెన్ మీద విహరించాడు. 1926-27లో నీటిపై వాలే విమానంలో జ్యూరిచ్ నుండి ఆఫ్రికా దక్షిణాగ్రంలోని కేప్‌టౌన్ చేరాడు. 1930 జనవరిలో కిలిమంజారో శిఖరం మీదుగా ఎగిరి, భూమధ్యరేఖ చేరువలోని ఆ మంచును కూడా చిత్రాలలో బంధించాడు. 1931లో ఏర్పడిన స్విస్ ఎయిర్ సంస్థకు సారథులలో ఒకడైనాడు. ఆకాశంలో ఎన్నో ఆపదలను దాటిన ఆ ధీరుడు 1937 మే నెలలో, 43 ఏళ్ల వయస్సులో, ఆస్ట్రియాలో కొండ ఎక్కుతూ జారిపడి మరణించాడు. విధి విలాసమనక ఏమనగలం!

అతని చిత్రాల అసలు విలువ తరువాతి తరాలకుగాని తెలియలేదు. భూమిని పరిశీలించే లాండ్‌శాట్ ఉపగ్రహాలలో మొదటిది 1972లో నింగికెగిసింది. అంతకు పూర్వపు మంచు విస్తీర్ణానికి ఇటువంటి పాత చిత్రాలే సాక్ష్యాలు. కిలిమంజారోపై 1912లో 11 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న మంచు, 2011 నాటికి 2 చదరపు కిలోమీటర్ల లోపునకు తగ్గిపోయింది. మిట్టెల్‌హోల్జర్ చిత్రాలు ఈ రెండింటి నడుమ కాలానివి.

2019లో స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాంట్ బ్లాంక్ చిత్రాలను వెంటబెట్టుకొని బయలుదేరారు. చిత్రంలోని శిఖరాలను ఆనవాళ్లుగా గ్రహించి, నూరేళ్లనాడు కెమెరా ఆకాశంలో ఏ బిందువున ఉండెనో గణించారు. హెలికాప్టరులో అక్కడికే చేరి తిరిగి చిత్రించారు. రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచితే శిఖరాలు అవే, లోయలు అవే. నాడు మంచు నిండిన చోట నేడు రాళ్లు తేలి ఉన్నాయి.