చూపు మందగించినా నాదం వెలిగించిన ద్వారం

విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చి, అక్కడే వాయులీన ఆచార్యులుగా నియమితులైన విద్వాంసునిగా ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రసిద్ధులు. 1893 నవంబరు 8న బెంగళూరులో జన్మించిన ఆయన విశాఖపట్నంలో పెరిగారు. అన్న వెంకటకృష్ణయ్య వద్ద తొలి పాఠాలు అభ్యసించారు. కంటిచూపు మందగించినా సాధన వీడలేదు.

అంధ బాలుడొకరి సంగీతాభిలాష తీర్చేందుకే విజయరామ గజపతిరాజు 1919లో ఈ కళాశాలను నెలకొల్పారని ప్రతీతి. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. 26వ ఏట నాయుడు అక్కడ బోధనకు శ్రీకారం చుట్టారు.

వీణకున్నట్లు వాయులీనానికి మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. రాసుకున్న స్వరాలను చూసి వాయించినంతనే ఈ విద్య పట్టుబడదు; స్వరస్థానాన్ని చెవి గుర్తించాలి, వేలు దానిని అనుసరించాలి. చూపు సహకరించని ఆచార్యునికి ఆ వినికిడే పెన్నిధి అయింది. గాత్రాన్ని తలపించే గమకాలు, నిడివైన కమాను పోకడ ఆయన బాణీకి గుర్తులయ్యాయి. పాశ్చాత్య వాదనలోని మెలకువలనూ ఆయన ఆదరించారు.

నారాయణదాసు అనంతరం 1936లో కళాశాల అధ్యక్షులయ్యారు. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న వాయులీనంతో 1938లో వెల్లూరులో ప్రత్యేక కచేరీ చేసి, దానికి స్వతంత్ర ప్రతిపత్తి కల్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ పురస్కారాలు ఆయనను వరించాయి.

1964 నవంబరు 25న కన్నుమూశారు. కుమార్తె ద్వారం మంగతాయారు ఆ బాణీని కొనసాగించారు. చదువుకోవాలని వచ్చిన యువకుడు గురుపీఠమెక్కిన ఆ కళాశాల విజయనగరంలో నేటికీ విద్యార్థులకు సంగీతం నేర్పుతోంది.