కింజరాపు ఎర్రన్నాయుడు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి సమీపమున నిమ్మాడ యను గ్రామము కలదు. 1957 ఫిబ్రవరి 23వ తేదీన ఎర్రన్నాయుడు అచట జన్మించెను. న్యాయశాస్త్రము చదివి, 26 ఏండ్ల ప్రాయముననే, 1983లో, హరిశ్చంద్రపురము నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1996 మొదలు నాలుగు పర్యాయములు శ్రీకాకుళము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. కేంద్రమున గ్రామీణాభివృద్ధి శాఖా మంత్రిగను పనిచేసెను. పలాస జీడితోటలు, ఉద్దానపు పల్లెలు ఆయన నియోజకవర్గములోనివే. ప్రజానాయకుని జీవితము సగము దారులమీదనే గడచును గదా!

2012 నవంబరు 2వ తేదీన, తెల్లవాఱక మునుపే, విశాఖపట్టణమున ఒక వివాహమునకు పోయి మరలుచుండగా, రణస్థలము సమీపమున జాతీయ రహదారిపై ఆయన కారు ఒక ట్యాంకరును ఢీకొనెను.

బాలలారా! గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. అడ్డమును కన్ను చూచి కాలు బ్రేకును త్రొక్కులోపల ఇంచుమించు ఒక సెకను గడచును. అంతవఱకు వేగము తగ్గదు. త్రొక్కిన పిమ్మటను పొడినేలపై మఱి 30 మీటర్లకు పైగా పోయిగాని బండి నిలువదు. వేగము రెట్టింపైనచో ఈ రెండవ దూరము నాలుగింతలగును. చక్రములు బిగిసి జాఱినచో స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. అట్లు బిగియకుండ కాచు ఏ.బి.ఎస్. అను సాధనమున్న కారులో బ్రేకును గట్టిగా త్రొక్కి పట్టియుంచవలెను. ఎట్టి సాధనమున్నను, చీకటిలో దీపపు వెలుగు మేరకే డ్రైవరు కన్ను పాఱును.

తీవ్రముగా గాయపడిన ఎర్రన్నాయుడును శ్రీకాకుళములోని ఆసుపత్రికి చేర్చిరి. ప్రాణము దక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏండ్లు. అంత్యక్రియలు నిమ్మాడలోనే జరిగెను.